ఇంటి పక్క చెరువులో బాస్: డాలస్ శివార్లలో ఒడ్డు మీది నుంచే గాలం వేయడం ఎలా

ఫ్రిస్కో, ప్లేనో, ఆలెన్, మెకిన్నీ, ఇర్వింగ్. డాలస్ చుట్టూ మనవాళ్లు ఇళ్లు కొనుక్కున్న ఈ ఊళ్లలో ఏ కమ్యూనిటీకి వెళ్లినా ఒక చిన్న చెరువు కనబడుతుంది. మధ్యలో ఫౌంటెన్, చుట్టూ నడిచే దారి, గట్టున బాతులు. సాయంత్రం వాకింగ్‌కి వచ్చేవాళ్లలో చాలామంది దాన్ని అందం కోసం తవ్వారనుకుంటారు. అసలు సంగతి వేరు. గట్టి వాన కొట్టినప్పుడు రోడ్ల మీది నీళ్లన్నీ ఒకేసారి వాగుల్లోకి పోకుండా ఆపడానికి తవ్విన చెరువులే వీటిలో ఎక్కువ. వాటిలో చాలావాటిలో లార్జ్‌మౌత్ బాస్ అనే పెద్ద నోటి చేప ఉంటుంది. పడవ అక్కర్లేదు, గంటన్నర డ్రైవ్ చేసి పెద్ద లేక్‌కి పోనక్కర్లేదు. ఆఫీసు కాల్ అయిపోయాక చెప్పులేసుకుని వెళ్లి, చీకటి పడేలోపు రెండు చేపలు పట్టి రావచ్చు.

నేను మాత్రం మొదటి ఏడాది ఒక్క బాస్‌నీ పట్టలేదు. మా ఊరి చెరువు కట్ట మీద ఎర్రలు గుచ్చి, బెండు కట్టి గాలం వేసినవాణ్ణి కదా, నాకు తెలియనిదేముందిలే అనుకున్నా. ఎంత దూరం విసిరితే అంత పెద్ద చేప అని లెక్క. నీళ్ల అంచుకి వెళ్లి నిలబడి, ఒళ్లంతా విరుచుకుని చెరువు నడిమధ్యకి విసిరేవాణ్ణి. ఒకరోజు చెరువు మీది చిన్న నడక వంతెన దగ్గర ఆగి ఊరికే కిందికి చూశాను. ఒడ్డుకి రెండడుగుల దూరంలో, మోకాలి లోతు నీళ్లలో, రెండు బాస్‌లు కదలకుండా ఉన్నాయి. ఎవరో స్ట్రోలర్ తోసుకుంటూ గట్టు మీద నుంచి వెళ్లారు. చేపలు కంగారేమీ పడలేదు, తోక ఒక్కసారి ఆడించి లోతులోకి జారిపోయాయి. ఏడెనిమిది నిమిషాలకి మళ్లీ అక్కడికే వచ్చాయి. ఏడాదంతా నేను నిలబడిన చోటే చేపలు ఉన్నాయి, నేను వెళ్లి వాటిని తరిమేసి, అవి లేనిచోటికి ఎర విసిరాను.

ఈ వ్యాసమంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. చిన్న చెరువులో బాస్ మీ కాళ్ల దగ్గరే ఉంటుంది.

మొదటి మెట్టు: లైసెన్సు

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వాళ్లు పార్కుల్లోకి వచ్చి అడుగుతారు. మంచినీటి చేపల లైసెన్సు టెక్సస్ వాసులకి ఏడాదికి 30 డాలర్లు, బయటివాళ్లకి 58. ఇది సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31 వరకు చెల్లుతుంది. జూలైలో కొంటే రెండు నెలలకే అయిపోతుందన్నమాట. కొన్న రోజు నుంచి ఏడాది లెక్క వేసే ప్యాకేజీ కూడా ఉంది, కొంచెం ఎక్కువవుతుంది. ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు, వాల్‌మార్ట్‌లో స్పోర్ట్స్ కౌంటర్ దగ్గరా ఇస్తారు.

ఇక్కడ వాసి అంటే సిటిజెన్ అనో, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లనో కాదు. టెక్సస్‌లో వరుసగా ఆరు నెలలకు పైగా ఉంటే చాలు, ఏ వీసా అయినా సరే. 17 ఏళ్ల లోపు పిల్లలకి లైసెన్సే అక్కర్లేదు. మరి ఇండియా నుంచి వచ్చిన నాన్నగారో మామగారో గాలం పట్టుకుంటానంటే? వాళ్లకి ఒక్కరోజు లైసెన్సు 16 డాలర్లకి దొరుకుతుంది. ఇంకా మంచిది, ఏదైనా స్టేట్ పార్కుకి తీసుకెళ్లండి. స్టేట్ పార్కు లోపల ఒడ్డు మీది నుంచి పట్టేవాళ్లకి ఎవరికీ లైసెన్సు అవసరం లేదు, గేటు రుసుము కడితే చాలు. డాలస్‌కి దగ్గర్లో జో పూల్ లేక్ ఒడ్డున ఉన్న సెడార్ హిల్ స్టేట్ పార్కు అందుకు బాగుంటుంది. జూన్ మొదటి శనివారం అయితే రాష్ట్రమంతటా అందరికీ ఉచితం.

రెండో మెట్టు: చెరువు వెతకడం

ఫోన్‌లో మ్యాప్ తెరిచి శాటిలైట్ వ్యూ పెట్టండి. ఇంటి చుట్టూ మూడు మైళ్లలో మీకు ఎప్పుడూ తెలియని నీళ్లు నాలుగైదు చోట్ల కనబడతాయి. సిటీ పార్కు చెరువులతో మొదలుపెట్టడం మంచిది, అడిగేవాళ్లుండరు. ఆలెన్‌లో బెథనీ లేక్స్ పార్కు, మెకిన్నీలో టౌన్ లేక్ అలాంటివే. మీ కమ్యూనిటీ చెరువైతే హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, నియమాలు ఒకసారి చూసుకోండి. కొన్నిచోట్ల ఆ కమ్యూనిటీలో ఉండేవాళ్లకే అనుమతి, కొన్నిచోట్ల పట్టి వదిలెయ్యాలి, కొన్నిచోట్ల అసలు పట్టకూడదు. గోల్ఫ్ కోర్సు చెరువుల్లో బ్రహ్మాండమైన చేపలుంటాయి, అటు మాత్రం వెళ్లకండి.

ఊరి పరిధిలోనో పబ్లిక్ పార్కులోనో ఉన్న 75 ఎకరాలు, అంతకన్నా చిన్న చెరువులను టెక్సస్‌లో కమ్యూనిటీ ఫిషింగ్ లేక్స్ అంటారు. వాటిలో వల వేయకూడదు, రాడ్‌తోనే పట్టాలి, ఒక మనిషి రెండు రాడ్‌లకి మించి వాడకూడదు. మనవాళ్లు సరదాకి విసురు వల తెచ్చి వేయడం ఒకసారి చూశాను. జరిమానా కట్టాల్సి వస్తుంది.

చెరువు దగ్గరికి వెళ్లాక మొదటి రోజు రాడ్ తీసుకెళ్లకండి. ఒక్క రౌండ్ నడిచి చూడండి. ఏం చూడాలో మన ఊరి చెరువు భాషలో చెప్తాను, తేలిగ్గా గుర్తుంటుంది.

తూము: రోడ్ల కింది నుంచి వాన నీళ్లు వచ్చి పడే కాంక్రీటు పైపు. వానొచ్చిన మర్నాడు ఇక్కడ కొత్త నీళ్లతో పాటు పురుగులూ, వానపాములూ వచ్చి పడతాయి. వాటి కోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం బాస్. పోటు నీళ్లు పడే చోట అడుగు కోసుకుపోయి చిన్న గుంట కూడా ఏర్పడుతుంది.

అలుగు: ఎక్కువైన నీళ్లు బయటికి పోయే చోటు. సాధారణంగా చెరువులో అన్నిటికన్నా లోతు అక్కడే. ఎండాకాలం మధ్యాహ్నాలూ, చలికాలమూ చేపలు అక్కడికి చేరతాయి.

జమ్ము, తుంగ: ఒడ్డున గుబురుగా ఉన్న ప్రతి చోటూ ఒక మాటు. గుబురంతా ఒకటే కాదు, అది ఎక్కడ ఆగిపోతుందో, ఎక్కడ ముక్కులా నీళ్లలోకి పొడుచుకొచ్చిందో ఆ మూల ముఖ్యం.

ఇవి కాక నీళ్లలోకి వాలిన చెట్టుకొమ్మ, వంతెన నీడ, ఫౌంటెన్ చుట్టూ నురగ, రాళ్లు పేర్చిన గట్టు. గాలి ఏ ఒడ్డుకి నీళ్లను తోస్తుందో చూసుకోండి, తిండి కూడా అటే కొట్టుకొస్తుంది. అద్దంలా నిశ్చలంగా ఉన్న ఒడ్డున నిలబడాలని మనకి అనిపిస్తుంది కానీ, అలలు కొట్టే ఒడ్డే మేలు.

బాస్ అంటే ఎలాంటి చేప?

మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, గుణంలో ఇది కొర్రమట్టకి చుట్టం. బొచ్చెలా, రోహులా తిరుగుతూ మేసేది కాదు. నాచు పక్కన నీడలో మాటు వేసి, దగ్గరికి వచ్చిన చేపపిల్లనో, కప్పనో, ఎండ్రకాయలాంటి క్రాఫిష్‌నో ఒక్క గుటకలో లాగేసుకుంటుంది. అందుకే పిండి ముద్దలకి ఇది రాదు. పిల్లల్ని కాపలా కాసే అలవాటు కూడా కొర్రమట్టకి ఉన్నట్టే దీనికీ ఉంది, కాకపోతే ఇక్కడ కాపలా మగచేపది. పోలిక అక్కడితో సరి. కొర్రమట్ట పైకొచ్చి గాలి పీలుస్తుంది, బాస్‌కి ఆ శక్తి లేదు. చేపని వదిలేటప్పుడు ఈ తేడా పనికొస్తుంది.

పక్కన నల్లటి చార, పెద్ద నోరు. నోరు మూసినప్పుడు పై దవడ చివర కంటిని దాటి వెనక్కి పోయిందంటే అది లార్జ్‌మౌత్. మన చెరువుల్లో ఒకటి నుంచి మూడు పౌండ్లవి మామూలు, ఐదు పౌండ్లది దొరికితే నలుగురికీ ఫోటో పంపుకోవచ్చు. టెక్సస్ రికార్డు 18.18 పౌండ్లు, 1992 జనవరిలో లేక్ ఫోర్క్‌లో పడింది. అది వేరే లోకం.

మూడో మెట్టు: సామాను

షాపుకి వెళ్తే తల తిరుగుతుంది. గోడంతా రంగురంగుల ఎరలు. వాటిలో చాలావరకు మనుషుల్ని పట్టడానికి తయారుచేసినవే. నేనూ పడ్డాను, గరాజ్‌లో ఒక పెట్టె నిండా ఉన్నాయి. మీకు కావల్సింది ఇంతే:

ఆరున్నర నుంచి ఏడు అడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్, లైన్ (గాలం దారం) చుట్టే 2500 సైజు రీల్. రెండూ కలిపి సెట్‌గా అమ్ముతారు, 50 డాలర్ల లోపు చాలు. బెయిట్‌కాస్టర్ రీల్ జోలికి ఇప్పుడే పోకండి. దాంతో లైన్ చిక్కుపడితే ఆ సాయంత్రం దాన్ని విప్పుకోవడంతోనే సరిపోతుంది.

10 పౌండ్ల మోనో లైన్, అంటే ఒంటిపోగు నైలాన్ దారం. ఐదంగుళాల సెంకో (ఒక బ్రాండు) లాంటి మెత్తటి ప్లాస్టిక్ వార్ములు, అంటే వానపాము ఆకారపు ఎరలు, ఒక ప్యాకెట్. రంగు గ్రీన్ పంప్‌కిన్, అంటే నల్ల చుక్కలున్న ఆలివ్ ఆకుపచ్చ. నీళ్లు బురదగా ఉండే చెరువైతే నలుపూ నీలమూ కలిసినది. 3/0 సైజు ఆఫ్‌సెట్ (మెడ దగ్గర మెలిక ఉన్న) హుక్కులు ఒక ప్యాకెట్, 1/0 వాకీ హుక్కులు ఒక ప్యాకెట్, ఔన్సులో ఎనిమిదో వంతు తూగే బుల్లెట్ ఆకారపు సీసం గుళ్లు నాలుగు. పొడుగు ముక్కు పటకారు. నెయిల్ కట్టర్, లైన్ కోయడానికి దానికి మించింది లేదు.

ఒక్కటి మాత్రం డబ్బు చూసుకోకుండా కొనమంటాను: పోలరైజ్డ్ కళ్లద్దాలు. 20 డాలర్లవైనా సరే. నీళ్ల మీద మెరుపు తీసేసి అడుగు చూపిస్తాయి. అవి లేకపోతే వంతెన మీద ఆ రోజు నాకేమీ కనబడేది కాదు.

నాలుగో మెట్టు: ముడి

చేప పోయిందని బాధపడే కథల్లో చాలావాటిలో తప్పు చేపది కాదు, ముడిది. ఒక్క ముడి నేర్చుకోండి, పాలొమార్. లైన్ చివర ఆరంగుళాలు మడిచి జంట చేయండి. ఆ జంటని హుక్కు కన్నంలోంచి దూర్చండి. దూర్చిన ఉచ్చుతో వెనక ఉన్న జంట దారానికి ఒక మామూలు ముడి వేయండి, బిగించొద్దు. హుక్కు ఇప్పుడు ఆ ముడికి వేలాడుతుంటుంది. చివర మిగిలిన ఉచ్చులోంచి హుక్కు మొత్తాన్ని దాటించండి. నోట్లో పెట్టుకుని ఉమ్మితో తడిపి, రెండు దారాలూ కలిపి నెమ్మదిగా లాగండి. తడపకుండా లాగితే రాపిడి వేడికి లైన్ దెబ్బతింటుంది. గట్టిగా లాగి చూడండి, ఇంట్లో తెగితే నష్టం లేదు.

సోఫాలో టీవీ చూస్తూ ఇరవైసార్లు వేయండి. చెరువు దగ్గర దోమలు కుడుతుంటే, వెలుతురు పోతుంటే అదే పనికొస్తుంది.

ఐదో మెట్టు: ఎర గుచ్చడం

ఎర గుచ్చే పద్ధతిని రిగ్ అంటారు. రెండు చాలు.

వాకీ రిగ్: ఇంతకంటే తేలికైంది లేదు. వార్మ్ సరిగ్గా మధ్యలో హుక్కుని అడ్డంగా గుచ్చండి, రెండు కొనలూ అటూ ఇటూ వేలాడాలి. సీసం ఏమీ వద్దు. నీళ్లలో పడ్డాక అది మెల్లగా మునుగుతూ రెండు కొనలూ రెపరెపలాడిస్తుంది. ఆ రెపరెపకే బాస్ వస్తుంది. నాచు తక్కువున్న చోట ఎప్పుడూ దీంతోనే మొదలుపెట్టండి.

టెక్సస్ రిగ్: నాచూ కొమ్మలూ ఉన్న చోటికి. ముందు సీసం గుండుని, మొన రాడ్ వైపు ఉండేలా, లైన్‌లోకి ఎక్కించండి. తర్వాత ఆఫ్‌సెట్ హుక్కు కట్టండి. హుక్కు మొనని వార్మ్ తల నడినెత్తిన పావు అంగుళం లోపలికి దించి పక్కనుంచి బయటికి తీయండి. తలని హుక్కు మీది మెలిక దాకా జరిపి, హుక్కుని సగం తిప్పండి. ఇప్పుడు హుక్కు వార్మ్ ఒంటి పక్కన వేలాడుతుంది. దాని వంపు వార్మ్‌ని ఎక్కడ తాకుతోందో అక్కడ గోటితో గుర్తు పెట్టుకుని, ఆ చోటే మొనని ఇవతలి నుంచి అవతలికి గుచ్చండి. బయటికి వచ్చిన మొనని వార్మ్ పైపొరలో రవ్వంత దాచండి. వార్మ్ సూటిగా కడ్డీలా ఉండాలి. మధ్యలో ఉబ్బితే గుచ్చిన చోటు తప్పింది, తీసి మళ్లీ గుచ్చండి. వంకరగా ఉంటే నీళ్లలో గిరగిరా తిరిగి లైన్ మెలికలు పడుతుంది. మొన దాక్కుని ఉంటుంది కాబట్టి నాచుకి తగులుకోదు, చేప కొరికి మీరు లాగినప్పుడు ప్లాస్టిక్‌ని చీల్చుకుని బయటికొస్తుంది.

ఆరో మెట్టు: అడుగు వేయడం

చేపకి ఒంటి పక్కన ఒక గీత ఉంటుంది, అదే దాని చెవి అనుకోండి. గట్టు మీద ధబధబా నడిస్తే ఆ అదురు నేలలోంచి నీళ్లలోకి పోతుంది. అందుకే పిల్లిలా నడవాలి. నీళ్ల అంచుకి ఎనిమిది పదడుగుల దూరంలోనే ఆగండి. సూర్యుడు వెనక ఉంటే మీ నీడ ఎక్కడ పడుతోందో చూసుకోండి. సాయంత్రం నీడ సాగి నీళ్ల మీద ముప్ఫై అడుగులు పోతుంది. తెల్ల టీషర్టు కన్నా ముదురు రంగు నయం.

మొదటి రెండు కాస్టులూ, అంటే ఎర విసరడాలూ, గడ్డి మీద నిలబడే వేయాలి. చూసేవాళ్లకి వింతగా ఉంటుంది, ఉండనివ్వండి.

ఏడో మెట్టు: విసరడం

వరుస ఇది. మొదట ఎడమ పక్క ఒడ్డు వెంబడే, అంచుకి రెండు మూడడుగుల లోపు, ఒడ్డుకి సమాంతరంగా. తర్వాత కుడి పక్క అలాగే. తర్వాత ఐమూలగా అటొకటి ఇటొకటి. నడిమధ్యకి చివర్న, ఒకే ఒక్కటి. నేను మొదటి ఏడాది ఈ వరుసని పూర్తిగా తిరగేసి వేశాను.

సమాంతరంగా ఎందుకంటే, లోపలికి సూటిగా విసిరితే మీ ఎర చేపలుండే చోట నాలుగైదు అడుగులే ప్రయాణిస్తుంది. ఒడ్డు వెంబడి విసిరితే నలభై అడుగులూ అక్కడే ఉంటుంది.

వాకీ రిగ్ పడ్డాక ఏమీ చేయకండి. ఇది అన్నిటికన్నా కష్టమైన పని. రీల్ తిప్పాలని చెయ్యి పీకుతుంది. లైన్ కాస్త వదులుగా పెట్టి, ఎరని దానంతట అదే అడుగుకి చేరనివ్వండి. నాలుగడుగుల లోతుకి నాలుగైదు సెకన్లు పడుతుంది. కళ్లు మాత్రం లైన్ నీళ్లలోకి దిగే చోటే ఉండాలి. మన బెండు పని ఇక్కడ లైన్ చేస్తుంది. అది చిన్నగా ఎగిరినా, పక్కకి జరిగినా, మునగాల్సిన టైముకంటే ముందే ఆగిపోయినా, చేపే. ఏమీ కాకపోతే రాడ్ కొనని రెండడుగులు పైకెత్తి, మళ్లీ మునగనివ్వండి. ఇలా మూడుసార్లు. తర్వాత చుట్టేసి ఇంకో చోటికి.

ఒక చోట ఐదారు కాస్టులకి మించొద్దు. పదిహేను అడుగులు జరగండి, మళ్లీ అదే వరుస. కుర్చీ వేసుకుని కూర్చునే వేట కాదిది. క్యాట్‌ఫిష్‌కైతే కుర్చీ తెచ్చుకోండి.

ఎనిమిదో మెట్టు: కొరికాక

టక్ మని ఒక దెబ్బ, లేదా మెత్తగా తడిబట్ట తగులుకున్నట్టు బరువు. వదులుగా ఉన్న లైన్‌ని రెండు చుట్లు చుట్టండి, బరువు తెలియగానే లాగండి. వాకీ హుక్కుకి రాడ్‌ని పక్కకి ఊడ్చినట్టు లాగితే చాలు. టెక్సస్ రిగ్‌కి మాత్రం మోచెయ్యి బలం వాడి గట్టిగా పైకి గుంజాలి, మొన ప్లాస్టిక్‌నీ దవడనీ దాటాలి కదా.

బాస్ నీళ్ల పైకి ఎగిరి తల విదిలిస్తుంది. చాలా చేపలు ఆ క్షణంలోనే పోతాయి. లైన్ పైకి లేస్తోందని తెలియగానే రాడ్ కొన నీళ్ల దగ్గరికి దించేయండి, లైన్ మాత్రం బిగువుగా ఉంచండి. రీల్ డ్రాగ్ (లైన్ ఎంత తేలిగ్గా జారాలో సరిచేసే మర) మరీ బిగించొద్దు. చేత్తో గట్టిగా లాగితే లైన్ జారేంత ఉండాలి.

ఒడ్డుకి వచ్చాక కింది పెదవిని బొటనవేలు లోపలా, చూపుడువేలు బయటా పెట్టి పట్టుకోండి. పళ్లు గరుకు కాగితంలా ఉంటాయంతే, కోయవు. మూడు పౌండ్లు దాటిన చేపని పెదవి ఒక్కటే పట్టుకుని అడ్డంగా ఎత్తకండి, దవడ దెబ్బతింటుంది. రెండో చెయ్యి పొట్ట కింద పెట్టండి, ముందు ఆ చెయ్యి తడుపుకోండి. పొడిచేతికి చేప ఒంటి జిగురు ఊడొస్తుంది, దానికి జబ్బుల నుంచి కాపు ఆ జిగురే. మొప్పల్లో వేళ్లు పెట్టొద్దు. హుక్కు మరీ లోపలికి మింగేసి ఉంటే పీకకండి, లైన్ దగ్గరగా కోసి వదిలేయండి.

ఫోటో ఒక్కటి. ఫోన్ ముందే తెరిచి పెట్టుకోండి. జూలై ఎండలో నీళ్లు వేడెక్కి, వాటిలో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది. అప్పుడు చేపని ఒడ్డు మీద పెట్టి వాట్సాప్ వీడియో కాల్ చేయడం దాన్ని చంపడమే.

ఏ కాలంలో ఎప్పుడు

ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ పండగ. నీళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంటే పెద్ద ఆడచేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి. పోలరైజ్డ్ అద్దాల్లోంచి చూస్తే అడుగున పళ్లెమంత తెల్లటి గుండ్రాలు కనబడతాయి, మగచేప తోకతో ఊడ్చి చేసిన గూళ్లవి. వాటి మీద కాపలా ఉన్న చేపని పట్టడం చాలా తేలిక, తిండి కోసం కాకపోయినా కోపంతో కొరుకుతుంది. నేను పట్టను. దాన్ని పైకి తీసిన రెండు నిమిషాల్లో బ్లూగిల్ చేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి. చట్టం అడ్డం చెప్పదు, మీ ఇష్టం.

మే నుంచి సెప్టెంబర్ వరకు తెల్లవారుజామున ఆరుకి, లేదా సూర్యాస్తమయం ముందు గంట. మధ్యలో వెళ్తే మీకే వడదెబ్బ. పొద్దున్నే నాచు మీద బోలు రబ్బరు కప్ప వేసి లాగితే నీళ్లు భళ్లున పేలతాయి. ఊళ్లో బతికున్న కప్పని గుచ్చి కొర్రమట్టకి వేసినవాళ్లకి ఇది నేర్పక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: పేలగానే లాగొద్దు. ఒకటి రెండు అని లెక్కపెట్టి, బరువు తెలిశాకే లాగాలి. దీనికి మాత్రం 10 పౌండ్ల లైన్ చాలదు, 40 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం) కావాలి.

అక్టోబర్, నవంబర్ బాగుంటాయి. చలికాలం మధ్యాహ్నం మూడింటికి, అలుగు దగ్గర, మెల్లగా. చలిగాలి వీచి ఆకాశం నీలంగా మారిన మొదటి రోజు ఇంట్లో ఉండండి.

తినొచ్చా?

మన ఇళ్లలో మొదటి ప్రశ్న ఇదే. రాష్ట్ర నియమం ప్రకారం లార్జ్‌మౌత్ కనీసం 14 అంగుళాలు ఉండాలి, రోజుకి ఐదు వరకు ఉంచుకోవచ్చు. ఆ చెరువుకి వేరే నియమం ఉంటే బోర్డు మీద రాసి ఉంటుంది. కానీ నా మాట వింటే శివారు చెరువు బాస్‌ని తినొద్దు. లాన్ ఎరువులూ, కలుపు మందులూ, రోడ్ల మీది ఆయిలూ కడుక్కొచ్చి చేరేది అక్కడికే. పైగా చిన్న చెరువులో పెద్ద బాస్‌లు ఎన్నో ఉండవు, నాలుగిళ్ల వాళ్లు నాలుగు వారాలు పులుసు వండుకుంటే ఖాళీ.

తినాలనుంటే చలికాలంలో టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖే సిటీ చెరువుల్లోకి రెయిన్‌బో ట్రౌట్ వదులుతుంది, తేదీలు ముందే ప్రకటిస్తారు. వెచ్చటి నెలల్లో కొన్ని పార్కుల్లో క్యాట్‌ఫిష్ వదులుతారు. అవి హ్యాచరీలో పెరిగినవి, పట్టుకుని తినడానికే వదిలినవి. ట్రౌట్‌కి పొలుసు గీకే పనుండదు. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించి పెనం మీద వేయిస్తే సరి. పులుసుకి మాత్రం విడిపోతుంది, క్యాట్‌ఫిష్ ఆగుతుంది.

పట్టిన బాస్‌ని తెచ్చి మీ ఇంటి వెనక చెరువులో వదలాలని కూడా అనిపిస్తుంది. పర్మిట్ లేకుండా పబ్లిక్ నీళ్లలో చేపలు వదలడం టెక్సస్‌లో నేరం.

చేపలు కాకుండా మిమ్మల్ని కరిచేవి

నిప్పు చీమలు. టెక్సస్ గడ్డిలో పిండి జల్లినట్టు మెత్తటి మట్టి కుప్ప కనబడితే దాని మీద కాలు పెట్టకండి. నేను చెప్పులతో దాని మీద నిలబడి లైన్ వైపే చూస్తూ ఉండిపోయాను. అవి చడీచప్పుడూ లేకుండా మోకాలి దాకా ఎక్కి, ఎవరో గంట కొట్టినట్టు అన్నీ ఒకేసారి కుట్టాయి. తెల్లటి చీముపొక్కులు పది రోజులున్నాయి. ఆ రోజు నుంచి షూ, సాక్స్.

జమ్ములో అడుగు పెట్టే ముందు రాడ్ కొనతో కదిలించండి. కనబడే పాముల్లో ఎక్కువ విషం లేని నీటిపాములే కానీ, కాటన్‌మౌత్ అనే విషప్పాము కూడా ఈ ప్రాంతంలో ఉంది. మొదటిసారి చూసినవాళ్లకి తేడా తెలియదు, కాబట్టి ఏదైనా సరే పక్కకి తప్పుకోండి.

విసిరే ముందు వెనక్కి చూడండి, ప్రతిసారీ. నడిచే దారి మీ వెనకే ఉంటుంది. సైకిల్ మీద వచ్చే పిల్లాడికి మీ హుక్కు కనబడదు. తెగిన లైన్ ముక్కలు జేబులో వేసుకోండి, బాతుల కాళ్లకి చుట్టుకుంటాయి, తర్వాత హెచ్‌ఓఏ మీటింగులో మన పేరే వస్తుంది.

ఈ వారం వెళ్తుంటే చేయాల్సింది ఇది. లైసెన్సు స్క్రీన్‌షాట్ ఫోన్‌లో పెట్టుకోండి. సూర్యాస్తమయానికి గంట ముందు, గాలి తోస్తున్న ఒడ్డున, తూము పైపుకి ఇరవై అడుగుల ఇవతల ఆగండి. వాకీ రిగ్, గ్రీన్ పంప్‌కిన్. మొదటి కాస్టు పైపు ముందు నుంచి ఒడ్డు వెంబడి రావాలి. అది పడ్డాక రీల్ మీద నుంచి చెయ్యి తీసేసి, లైన్ చూడండి.